అటక మీద పాత వీణ దొరికితే: తీగ బిగించే ముందు చేయాల్సిన పనులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత మిద్దె ఇళ్లు ఒక్కొక్కటే పడిపోతున్నాయి. మూలాపేటలో, రంగనాయకులపేటలో, కావలిలో, ఒంగోలు పాత వీధుల్లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీద నుంచి గంగాళాలు, భోషాణాలతో పాటు అప్పుడప్పుడు ఒక వీణో, తంబురో, ఫిడేలు పెట్టో బయటపడుతుంది. దొరికిన గంటలోపే చాలామంది రెండు పనులు చేస్తారు: తడిగుడ్డతో తుడుస్తారు, బిరడ (తీగను బిగించే చెక్క పిడి) తిప్పి తీగ మోగుతుందేమో చూస్తారు. అటక మీద అరవై, డెబ్బై ఏళ్లు నిలిచిన వాద్యం ఆ గంటలో పాడవుతుంది. ఆ రెండు పనులూ ఆపి, వాటికి బదులు ఏం చేయాలో వరసగా చెబుతాను. ఎక్కువగా వీణ గురించే రాస్తున్నాను, ఎందుకంటే మన ఇళ్లలో దొరికేది ఎక్కువగా అదే. తంబుర, ఫిడేలు సంగతి మధ్యలో వస్తుంది.

సంగీతమంటే తంజావూరుదేనని మనవాళ్లు అనుకుంటారు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఆ ఊరు పాత ఉమ్మడి ప్రకాశం జిల్లాలోదే. శ్యామశాస్త్రి పూర్వీకులది కంభం. కాబట్టి మన వైపు ఇంట్లో వీణ కనబడితే ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన వస్తువులా చూడొద్దు.

మొదటి పని: దించడం

ముందు టార్చిలైటు వేసి చూడండి. అటక మీద తేళ్లుంటాయి, ఎలుక గూళ్లుంటాయి. వాద్యాన్ని కదిలించకముందే ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. చుట్టుపక్కల ఏముందో కూడా ఫోటోలో పడాలి. మెట్లను పట్టి ఉంచే నల్లటి మైనం ముక్కలు, విడిపోయిన ఇత్తడి మెట్లు (తీగను ఆనించి నొక్కే అడ్డకడ్డీలు), సొరకాయ బుర్ర పెంకులు, చుట్టిన గుడ్డ, కింద పరిచిన కాగితం, ఇవేవీ చెత్త కాదు. అన్నీ ఏరి ఒక పళ్లెంలో పెట్టండి. కింద పరిచింది పాత పేపరైతే దాని మీద తేదీ ఉంటుంది. వాద్యం ఆ తేదీ తర్వాతే అక్కడికి చేరిందని దాన్ని బట్టి తెలుస్తుంది.

దించడానికి ఇద్దరు కావాలి. ఒకరు కుండ (ఒక కొసన ఉండే గుండ్రటి, బోలు భాగం) కింద రెండు చేతులూ పెట్టాలి, ఇంకొకరు దండి (పొడవాటి మెడ) కింద పట్టాలి. యాళి ముఖం (దండి కొసన చెక్కిన సింహంలాంటి తల) పట్టుకుని ఎత్తొద్దు, అది చాలా వీణలకు విడిగా అతికించిందే. దండి కింద తగిలించిన బుర్ర పట్టుకుని అసలే ఎత్తొద్దు. మంచం మీద బొంత పరిచి, ఎండ పడని చోట పెట్టండి.

అక్కడ పెట్టాక పది, పదిహేను రోజులు ఆగండి. ఇది నేను గట్టిగా చెబుతాను. అటక మీది గాలికి అలవాటుపడిన చెక్కను నేరుగా ఏసీ గదిలోకి తెస్తే పగలొచ్చు. మార్కాపురం, కనిగిరి వైపు గాలి పొడి, నెల్లూరు గాలిలో సముద్రపు చెమ్మ. అక్కడి వీణను ఇక్కడికి తెస్తే చెక్క చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, బిరడలు బిగుసుకుంటాయి. ఇక్కడిది అక్కడికి వెళితే చెక్క ఆరి కుంచించుకుంటుంది, బిరడలు నిలవక జారతాయి. మధ్య గదిలో, ఫ్యాను నేరుగా తగలని చోట, పలచని నూలు గుడ్డ కప్పి ఉంచండి.

రెండో పని: తీగల బిగువు

తీగలు ఇంకా బిగిసే ఉంటే వాటిని వదులు చేయాలి. అంతకుముందు ఒక సంగతి చూసుకోండి. వీణ గుర్రాన్ని (తీగలు ఆనే చిన్న బల్లలాంటి ముక్కను) జిగురుతో అతికించరు. తీగల ఒత్తిడికే అది కుండకు మూతలా ఉండే పలక మీద నిలబడుతుంది. తీగ వదిలితే గుర్రం కదులుతుంది, కదిలితే అసలు చోటు ఇక తెలియదు. కాబట్టి ముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. పలక అంచు నుంచి గుర్రం కాళ్ల దాకా దూరం కొలిచి రాసుకోండి. టేపు అంటించొద్దు, పీకేటప్పుడు పాత వార్నీషు ఊడొస్తుంది.

తర్వాత ఒక్కో బిరడనూ కొద్దికొద్దిగా, వంతుల వారీగా వదలండి. ఒకే తీగను పూర్తిగా వదిలేసి మిగతావి బిగువుగా ఉంచితే దండి మీద లాగుడు ఒకవైపుకే పడుతుంది. తుప్పు పట్టిన ఉక్కు తీగ తెగితే కంటికి తగులుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. బిరడ కదలకపోతే వదిలేయండి. నూనె వేయడం, కటింగ్ ప్లయరుతో తిప్పడం రెండూ వద్దు. బిరడ విరిగితే మళ్లీ చేయించొచ్చు, బిరడ రంధ్రం దగ్గర చీలిక వస్తే బాగు చేయడం కష్టం.

మూడో పని: పుచ్చు, చెద

వీణ చేసే పనస చెక్కలో చేవ (నడిమి గట్టి భాగం) చెదలకు బాగానే తట్టుకుంటుంది. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ బలం లేదు. అందుకే పురుగు ముందు పట్టేది తెల్ల చెక్క మిగిలిన అంచులనే. గుండుసూది పొడిచినట్టు రంధ్రాలు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి యాభై ఏళ్ల కిందటివైనా కావచ్చు. పురుగు ఇంకా బతికి ఉందో లేదో తెలుసుకోవడం సులువే. వాద్యం కింద నల్ల గుడ్డ పరిచి రెండు మూడు వారాలు కదపకుండా ఉంచండి. తెల్లటి పిండి కొత్తగా రాలితే పురుగు పని చేస్తోందని అర్థం. రాలకపోతే పాత రంధ్రాలే.

కిరసనాయిలు పూయడం, పురుగుల మందు కొట్టడం మన వైపు అలవాటు. రెండూ పాత వార్నీషునూ రంగునూ పాడు చేయొచ్చు. కొత్త పిండి కనబడితే వాద్యాన్ని మిగతా చెక్క సామాను నుంచి వేరు చేసి, పనివాడికి చూపించేదాకా ప్లాస్టిక్ షీట్లో వదులుగా చుట్టి ఉంచండి, అంతే.

నాలుగో పని: ఇది ఏ వాద్యం?

తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ విరిగిన వాద్యం మోసం చేస్తుంది. సరస్వతీ వీణకు 24 మెట్లు, ఏడు తీగలు. నాలుగు మెట్ల మీదుగా పోయేవి, వాటిని సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అంటారు. మూడు పక్కన తాళానికి. తంబురకు మెట్లు ఉండవు, తీగలు నాలుగే. మెట్లూ మైనమూ ఊడిపోయిన వీణను చూసి తంబుర అనుకునేవాళ్లు ఉన్నారు. బిరడ రంధ్రాలు లెక్కపెట్టండి. ఏడు ఉండి, అందులో మూడు దండి పక్కన ఉంటే అది వీణే. దండి పైన రెండు అంచుల వెంబడీ మైనం మరక ఉందేమో చూడండి, ఉంటే ఇక అనుమానమే లేదు. చూడ్డానికి వీణలాగే ఉండి, మెట్ల గుర్తే లేకుండా, బిరడలు మాత్రం చాలా ఎక్కువ ఉంటే అది గోటువాద్యం. అది దొరికితే మీ అదృష్టం.

చిన్న తంబుర, భుజాన వేసుకునేంతది అయితే బుర్రకథ చెప్పేవాళ్లదై ఉండొచ్చు. ఇలాంటివి పనితనంలో మోటుగా ఉంటాయి, రంగులు పూసి ఉంటాయి. వాటిని చులకన చేయొద్దు. పండితుల ఇంటి వీణను ఎవరో ఒకరు దాస్తారు. ఊరూరా తిరిగి కథ చెప్పిన తంబుర మాత్రం పొయ్యిలోకి పోతుంది. నా లెక్కలో ఈ రెండో దానికే ముందు రక్షణ కావాలి.

ఫిడేలు అయితే లోపల చీటీ చూసి గుండె ఆగినంత పని అవుతుంది, ఎందుకంటే చాలా వాటిలో స్ట్రాడివేరియస్ అనే పేరుమోసిన ఇటలీ ఫిడేళ్ల పనివాడి పేరుంటుంది. ఆ చీటీని నమ్మకండి. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్, మిట్టెన్‌వాల్డ్ లాంటి ఊళ్లలో ఫిడేళ్లు లెక్కలేనన్ని తయారయ్యాయి. ఏ నమూనా చూసి చేశారో ఆ పేరుతో చీటీ అంటించేవారు. చీటీ మీద దేశం పేరు ఉంటే అది పనికొచ్చే ఆధారం. అమెరికాలో 1890లో వచ్చిన సుంకం చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది, ఆ తర్వాతే ఇలాంటి చీటీల మీద జర్మనీ పేరు మామూలైంది. చెకోస్లోవేకియా అని ఉంటే 1918 తర్వాతిది, ఆ దేశం పుట్టిందే అప్పుడు. ఫిడేలు ఊపితే లోపల ఏదో కదిలిన చప్పుడు వస్తే సౌండ్ పోస్ట్ (లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న కర్ర) పడిపోయిందని అర్థం. అలాంటప్పుడు తీగ బిగిస్తే పై పలక కుంగిపోతుంది.

ఐదో పని: వీణను చదవడం

ఇప్పుడు తీరిగ్గా కూర్చోండి. ఒక నోటుబుక్కు, టేపు, టార్చి, చిన్న అద్దం ఉంటే చాలు.

చెక్కతో మొదలుపెట్టండి. పనస చెక్క కోసినప్పుడు పసుపు పచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. వెలుతురు తగలని చోట్లలో, బిరడ రంధ్రాల లోపల, ఆ పసుపు కొంత మిగులుతుంది. పైన ముదురు రంగు పూసి పాతదిలా చేసిన వీణ అయితే రంగు గీతల్లోకి, మూలల్లోకి పేరుకుని కనిపిస్తుంది, చేతులు ఆడే చోట కూడా అరుగుదల ఉండదు. నిజంగా వాయించిన వీణలో ఎడమ బొటనవేలు జారే దండి వెనుక భాగం నున్నబడుతుంది. మెట్ల మీద, ముఖ్యంగా సారణి తీగ కింద, గాడి పడుతుంది. ఏ మెట్ల మీద గాడి ఎక్కువుందో రాసుకోండి. కింది మెట్లే అరిగి, పై స్థాయి మెట్లు కొత్తగా ఉంటే, వరసలు, గీతాలు నేర్చుకున్న పిల్ల వీణ అయ్యుండొచ్చు. పైదాకా అరిగితే కచేరీ చేతులు పడ్డాయని ఊహించొచ్చు.

తర్వాత అతుకులు. కుండ, దండి ఒకే మొద్దులో తొలిస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. టార్చిని పక్క నుంచి వాల్చి పట్టి, కుండ నుంచి దండిలోకి చెక్క గీతలు తెగకుండా పోతున్నాయేమో చూడండి. అతుకు ఉంటే సాధారణంగా పట్టీ నగిషీ కింద దాక్కుంటుంది, కానీ వెనుక వైపు గీతలు ఆ పట్టీ దగ్గర దిశ మారతాయి. బొబ్బిలి వీణలకు ఒకే మొద్దులో చెక్కడం పేరు. విజయనగరం జిల్లాలో బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఈ పని నేటికీ సాగుతోంది, బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) కూడా ఉంది. తంజావూరు వీణకూ ఆ గుర్తింపు ఉంది. మన జిల్లాలు ఆ రెండింటి మధ్య ఉన్నాయి. దక్షిణం నుంచి తంజావూరు, ఉత్తరం నుంచి బొబ్బిలి, నూజివీడు వీణలు ఇటు వచ్చే వీలుంది. కాబట్టి యాళి ముఖం చూసి ఒక్క మాటలో ఫలానా ఊరిదని తేల్చేసేవాళ్ల మాట మీద ఆధారపడకండి. యాళి మారుస్తారు, బుర్ర మారుస్తారు, పలక కూడా మారుస్తారు. చెక్క పని, కొలతలు, నగిషీ మూడూ ఒకే ఊరు చెబితేనే నమ్మండి.

ఇక కొలతలు. ఈ పని దాదాపు ఎవరూ చేయరు, కానీ వీణ గురించి ఎక్కువ చెప్పేది ఇదే. మేరువు (బిరడల వైపు, మెట్లకు ముందు తీగలు ఆనే పట్టీ) నుంచి గుర్రం దాకా సారణి తీగ పొడవు కొలవండి. 84 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. పన్నెండో మెట్టు దగ్గర తారస్థాయి షడ్జం పలకాలి, అంటే అది సగం దూరంలో, మేరువు నుంచి 42 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. ఏడో మెట్టు పంచమం, మూడో వంతు దూరం, 28. ఐదో మెట్టు శుద్ధ మధ్యమం, నాలుగో వంతు, 21. ఇరవైనాలుగో మెట్టు 63 దగ్గర. తీగను నొక్కితే బిగువు పెరిగి శ్రుతి కాస్త హెచ్చుతుంది కాబట్టి మెట్లను ఈ లెక్కకు ఒక పిసరు మేరువు వైపే కడతారు. మీ కొలతలన్నీ ఒకే దిశలో ఎక్కువ తేడా చూపిస్తే గుర్రం తన చోట లేదు. ఒకటి రెండు మెట్లు మాత్రమే తప్పితే అవి తర్వాత ఊడి, ఎవరో గుర్తు లేకుండా అతికించారు.

మెట్లు నిలిచేది మైనంలో. తేనెమైనం, బొగ్గుపొడి, గుగ్గిలం లాంటివి కలిపిన ముద్దను దండి మీద రెండు వరసలుగా పెట్టి, ఒక్కో మెట్టునూ చెవితో విని దాని చోట గుచ్చుతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. అంటే ఆ మైనంలో ఉన్నది ఒక మనిషి విన్న శ్రుతి. గాంధారాన్ని ఒక వెంట్రుక వాసి కిందికి పెట్టుకున్నవాళ్లుంటారు, నిషాదాన్ని పైకి పెట్టుకున్నవాళ్లుంటారు. పాత మేళం గీకేసిన రోజున అది పోతుంది, మళ్లీ రాదు. అందుకని ముందు ఒక పొడవాటి కాగితం పట్టీని దండి పక్కన, మేరువుకు ఆనించి పరిచి, 24 మెట్ల చోట్లూ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పట్టీ మీద తేదీ వేసి దాయండి. మా వైపు పాత వీణలన్నిటికీ ఇలాంటి పట్టీ ఒకటి ఉండాలని నా కోరిక.

ఆరో పని: లోపల చూడటం

పలక మీద ఉన్న నాద రంధ్రాల్లోంచి సన్నటి ఎండోస్కోప్ కెమెరా దూర్చొచ్చు, ఫోనుకు తగిలించేవి తక్కువ ధరకే దొరుకుతున్నాయి. రంధ్రం చిన్నదైతే బలవంతం చేయొద్దు, దానికున్న నగిషీ బిళ్ల ఊడుతుంది. లోపల ఉలి గుర్తులు, పెన్సిల్ రాత, అంకెలు, పాత అతుకు పట్టీలు వెతకండి.

బాగుచేతల గుర్తులు కూడా కాలం చెబుతాయి. ప్లస్ తల స్క్రూ ఉంటే ఆ మరమ్మతు 1930ల కంటే ముందుది కాదు. తెల్లటి, గట్టి జిగురు కారి ఎండిన చారలుంటే అది ఫెవికాల్ లాంటిదే కావచ్చు, ఫెవికాల్ వచ్చింది 1959లో. ఇవి మరమ్మతు వయసు చెబుతాయి, వీణ వయసు కాదు. కార్బన్ డేటింగ్ చేయిస్తామని ఎవరైనా అంటే డబ్బు ఇవ్వకండి. గత మూడు వందల ఏళ్ల చెక్కకు ఆ పద్ధతి స్పష్టమైన జవాబు ఇవ్వదు.

ఏడో పని: తెల్ల నగిషీ

ఇక్కడ జాగ్రత్త. పాత వీణల అంచుల్లో, పలక పైన తెల్లటి నగిషీ ఉంటే అది దంతం కావచ్చు, ఎముక కావచ్చు, కొమ్ము కావచ్చు, సెల్యులాయిడ్ కావచ్చు. భూతద్దంతో చూడండి. ఎముకలో సన్నటి నల్ల చుక్కలు, చిన్న గీతలు కనిపిస్తాయి. ఏనుగు దంతంలో అడ్డకోతలో ఒకదాన్నొకటి ఖండించే వంపు గీతలు వల అల్లినట్టు ఉంటాయి. సెల్యులాయిడ్‌లో గీతలుంటే మరీ క్రమంగా, సమాన దూరంలో ఉంటాయి. కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. వద్దే వద్దు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

దంతం అనిపిస్తే అమ్మకం మాట మరిచిపోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986, 1991లలో వచ్చిన సవరణల ప్రకారం మన దేశంలో దంతం వ్యాపారం నిషేధం. జింక, దుప్పి కొమ్ములకూ అమ్మకం కుదరదు. ఇంట్లో ఉన్నదాని గురించి అటవీ శాఖ కార్యాలయంలో అడిగి, ఏ కాగితం కావాలో తెలుసుకోండి. దాచిపెట్టి టెన్షన్ పడే కంటే అది మేలు.

ఇంకో చట్టం కూడా ఉంది. వందేళ్లు దాటిన కళావస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. నెల్లూరులో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. పండక్కి వచ్చిన అబ్బాయి అవ్వ వీణను వెంట తీసుకెళతానంటే ముందు భారత పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదని ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

ఎనిమిదో పని: ఇంట్లో పెద్దవాళ్లను అడగడం

ఇది చివర్లో రాశాను గానీ, ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే ఈ పని ఈ రోజే చేయండి. "ఏ సంవత్సరంలో కొన్నారు జేజీ?" అంటే ఎవరికీ గుర్తుండదు. "నీ పెళ్లికి ముందే ఉందా?" "కావలి గాలివానకి ఇది ఏ గదిలో ఉండింది?" అని అడగండి. 1989 నవంబరు తుఫాను మన వైపు వాళ్లు మరిచిపోరు. దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ వెళితే కాలం తేలుతుంది. కుండ మీద నీటి మరక ఉంటే అది ఏ వానదో కూడా అలాగే బయటపడొచ్చు. ఎవరు నేర్పారు, రైల్లో తెచ్చారా బండిలో తెచ్చారా, ఎందుకు ఆపేశారు, ఇవన్నీ ఫోన్లో రికార్డు చేయండి. పెళ్లి ఫోటోలు, పద్దుల పుస్తకాలు, పాత ఉత్తరాలు తిరగేయండి.

తుడవడం

మెత్తటి, పొడి కుంచెతో దుమ్ము దులపండి, అంతవరకే. కొబ్బరినూనె, ఫర్నిచర్ పాలిష్, తడిగుడ్డ ఏవీ వద్దు. దసరాకి సరస్వతీ పూజలో పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు చెక్కలోకి ఇంకి ఉంటే రుద్ది తీయకండి, అవి ఆ ఇంటి చేతులు పెట్టినవి. ఈసారి పూజకు మాత్రం వీణ ముందు తమలపాకు పెట్టి దానికి బొట్టు పెట్టండి.

వాయించాలా, ఉంచాలా?

కుండలో, దండిలో నిలువునా పగుళ్లు లేకపోతే, పలక కుంగకపోతే, దండి వంగకపోతే వాయించేలా చేయించొచ్చు. దండి వంపు చూడ్డానికి మేరువు వైపు నుంచి ఒక కన్ను మూసి మెట్ల వరస మీదుగా చూడండి, లేదా నూలు దారం లాగి పట్టండి. ఈ మూడింటిలో ఏదైనా ఉంటే తీగ ఎక్కించే ఆలోచన వాయిదా వేయండి.

పని చేయించడానికి బొబ్బిలి, నూజివీడు, తంజావూరు కళాకారులు ఉన్నారు, మనకు దగ్గరైన చెన్నైలో వీణ బాగుచేసే కొట్లూ ఉన్నాయి. చెన్నై వెళితే ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని పాత వాద్యాలను ముందు చూడండి, పోల్చుకోవడానికి కన్ను అలవాటవుతుంది. మే నెలలో మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. మూసిన కారులో మైనం మెత్తబడి మెట్లు జారతాయి, పాత జిగురు అతుకులు వదులవుతాయి. తీసుకెళ్లేటప్పుడు బుర్రను విప్పి విడిగా చుట్టండి, గుర్రం కూడా విడిగానే.

ధర గురించి ఫోన్లు వస్తాయి. రైస్ పుల్లింగ్ (బియ్యం గింజలను లాగే మహిమ ఉందనే మోసం) పేరుతో రాగి చెంబులకు కోట్లు ఇస్తామన్న ముఠాలు మన జిల్లాల వాళ్లకు కొత్త కాదు. పాత వీణకు కూడా పరీక్ష ఖర్చులంటూ ముందు డబ్బు అడిగినవాళ్లను అక్కడే ఆపేయండి. మామూలు ఇంటి వీణకు లక్షలు రావు.

పని అప్పగించే ముందు కళాకారుడితో ఒక కాగితం మీద రాసుకోండి: ఏది మారుస్తారు, ఏది ఉంచుతారు. తీగలు, మైనం మార్చక తప్పదు. పాత మెట్లు, బిరడలు, గుర్రం మీది ఇత్తడి రేకు వీలైనంతవరకు అవే వాడమనండి. మారిస్తే తీసిన ప్రతి ముక్కా మీకే తిరిగి ఇవ్వాలి. పాత పాలిష్ గీకి కొత్తగా మెరిపిస్తామంటే వద్దని చెప్పండి. మీరు తీసిన కాగితం పట్టీ నకలు ఒకటి ఆయన చేతికిచ్చి, మేళం కట్టేటప్పుడు ముందు ఈ గుర్తుల దగ్గర మెట్లు పెట్టి విని, ఆ తర్వాతే మార్చమని అడగండి. అసలు పట్టీ మాత్రం ఇంట్లోనే ఉంచుకోండి.